వద్దు అనే బొమ్మ

మాట రాని పిల్లల చుట్టూ మాటలకు లోటుండదు. ఇంటికి ఎవరొచ్చినా ఆ బిడ్డ ఎదురుగా చతికిలబడి మొదలుపెడతారు. ఇదేమిటి? కాకి ఎలా అరుస్తుంది? నీ ముక్కేదీ, చూపించు. ‘అత్త’ అను, ఏదీ ఒక్కసారి అను. పెదవి కదిలితే చప్పట్లు కొడతారు. కదలకపోతే తల్లి వైపు తిరిగి నిట్టూరుస్తారు. పొద్దుటినుంచి రాత్రిదాకా ఆ బిడ్డకు పరీక్షలే. మాటలొచ్చిన పిల్లలతో మనం ఇలా ఉండం. వాళ్ల అర్థంపర్థం లేని కబుర్లు వింటాం, కోతలు కోస్తే ఊఁ కొడతాం, అలిగితే బతిమాలతాం. మాట రాని బిడ్డ వాటాకు ప్రశ్నలే వస్తాయి, కబుర్లు రావు.

ఈ తేడా నా కళ్లబడింది మా అక్క మనవరాలి వల్ల. ఆ పిల్లకు సెరిబ్రల్ పాల్సీ. చేతులూ కాళ్లూ తను అనుకున్న వైపు వెళ్లవు. నాలుకా పెదవులూ అంతే. చెవి బాగుంది, బుద్ధి బాగుంది. మా బావగారు మధ్యాహ్నం బిళ్ల వేసుకోవడం మరిచిపోతే ముందు కనిపెట్టేది తనే. మందుల డబ్బా వైపు కళ్లు తిప్పి, ఎవరో ఒకరు లేచేదాకా ఊఁ ఊఁ అంటూనే ఉంటుంది. నేను గడప దాటగానే నా మొహం చూడదు, చేతిసంచీ చూస్తుంది, సున్నుండలు తెచ్చానా లేదా అని. ఇన్ని చెప్పగల పిల్లని పట్టుకుని లోకం ‘మాటలు రావు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

దాని కోసమే ఈ సంగతులు చదవడం, థెరపీ గదుల్లో ఓ మూల కూర్చుని చూడటం అలవాటైంది. చదివినకొద్దీ, చూసినకొద్దీ నాకు ఒక నమ్మకం గట్టిపడింది. మాట రాని బిడ్డకు ముందుగా అందించాల్సింది అన్నం అడిగే మాట కాదు. ఆకలి సంగతి తల్లికి ఎలాగూ తెలుస్తుంది. ముందు అందాల్సినవి వద్దనే మాట, ఆటపట్టించే మాట, ఉత్తుత్తి మాట. వాటితో కడుపు నిండదు, కానీ పదిమందిలో ఒక మనిషిగా నిలబడటానికి అవే కావాలి. వాటిని నేర్పే బడి ఆట ఒక్కటే.

మాట ఆలస్యానికి కారణాలు చాలా ఉంటాయి. వినికిడి లోపం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, బుద్ధిమాంద్యం, మా పిల్లకున్నట్టు కండరాల మీద పట్టు లేకపోవడం. అందుకే ఏ స్పీచ్ థెరపిస్టయినా మొదట చెవుల పరీక్ష చేయించమంటారు. మన ఇళ్లలో మాత్రం ఇంకా వస అరగదీసి నాకించడం, మగపిల్లలకు మాట ఆలస్యమే అని సర్దిచెప్పుకోవడం, మేనమామకూ అయిదో ఏటగానీ రాలేదని ధైర్యం చెప్పుకోవడం నడుస్తూనే ఉన్నాయి. పెద్దల నోట వచ్చే ఈ ధైర్యపు మాటల్లో ప్రేమే ఉంది. కానీ బిడ్డ మెదడు చురుగ్గా అల్లుకుపోయే తొలి ఏళ్లు వీటితోనే కరిగిపోతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి, ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సదరం సర్టిఫికెట్టు కోసం తిరిగే తల్లిదండ్రుల్లో చాలామంది ఆ కేంద్రాల గుమ్మం తొక్కకపోవడం నేను చూశాను. సర్టిఫికెట్టుతో పింఛను వస్తుంది. పిల్లతో మాట కలిపే దారి దాంతో దొరకదు.

1988లో జానిస్ లైట్ అనే పరిశోధకురాలు మనిషి సాటి మనిషితో మాట కలపడానికి నాలుగు కారణాలు చెప్పారు. కావలసింది అడగడం, తెలిసింది చెప్పడం, దగ్గరవడం, మర్యాద పాటించడం. మన రోజువారీ మాటల్ని కాసేపు ఈ నాలుగు గంపల్లోకి వేసి చూడండి. అక్కాచెల్లెళ్లం గంటసేపు ఫోనులో మాట్లాడుకుంటే అందులో ఒకరినొకరు అడిగిన వస్తువు ఒక్కటీ ఉండదు. ఆ గంటంతా దగ్గరవడమే. మరి మాట రాని పిల్లల కోసం తయారైన బొమ్మల చార్టు తీసి చూస్తే? నీళ్లు, అన్నం, పాలు, బాత్రూమ్, నిద్ర, మందు. ఆరు గడులు, ఆరూ అడగడానికే. ఆసుపత్రి మంచం మీదున్న రోగికి సరిపోయే మాటలు ఒక చిన్నపిల్లకు జీవితమంతటికీ సరిపెట్టేశాం. అడిగితే ఇస్తాం, అడగనప్పుడు నీ నుంచి మేం వినాల్సిందేమీ లేదు అని ఆ చార్టు చెప్పకనే చెబుతోంది. ఆ పిల్లకి పెద్దయ్యాక అడగడం తప్ప మరో మాట తెలియకపోతే ఆ తప్పు ఎవరిది?

ఆటకు ఈ జబ్బు లేదు. ఆటలో ఎవరూ ఏమీ అడుక్కోరు.

మన ఇళ్లలో ఎన్నో తరాలుగా ఉన్న ఒక ఆట తీసుకోండి. పిల్ల అరచేతిలో మోచెయ్యి పెట్టి పప్పు రుబ్బినట్టు రుబ్బుతాం. వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ ఇంట్లో అందరికీ ముద్దలు పంచుతాం. చివరికి మన వేళ్లు ఆ చిన్న చెయ్యి వెంట మెల్లగా నడుచుకుంటూ వెళ్లి చంకలో చక్కిలిగిలి పెడతాయి. ఏ నిపుణుడూ రాయని ఈ ఆటలో మాట నేర్వడానికి కావలసిన సరంజామా అంతా ఉంది. ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి తర్వాత ఏం జరగబోతోందో బిడ్డకు తెలుసు. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా ఉంటాయి. ఒకరి వంతు అయ్యాక మరొకరి వంతు వస్తుంది. మనం చేయాల్సింది ఒక్కటే. వేళ్లు మోచేతి మడత దాకా వెళ్లాక ఆగిపోవాలి. మాట్లాడకుండా, నవ్వు ఆపుకుని, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగాలి. బిడ్డ మన కళ్లలోకి చూస్తుంది. లేదా చెయ్యి కాస్త ముందుకు జరుపుతుంది, లేదా గొంతులోంచి ఓ శబ్దం తీస్తుంది. అదే ‘ఊఁ, కానీ’ అనడం. వెంటనే చక్కిలిగిలి పెట్టేస్తే, తన చూపుకి ఎదుటి మనిషిని కదిలించే శక్తి ఉందని ఆ బిడ్డకు తెలిసిపోతుంది. మాటకు మొదటి మెట్టు ఈ తెలివిడే. శబ్దం తర్వాత సంగతి.

ఆ పది అంకెలు లెక్కపెట్టడం పెద్దవాళ్లకు ఎంత కష్టమో చెప్పలేను. నిశ్శబ్దాన్ని భరించలేం. బిడ్డ బదులు మనమే చెప్పేస్తాం, మనమే నవ్వేస్తాం. కెనడాలో అయలా మనోల్సన్ 1975లో మొదలుపెట్టిన హానెన్ కార్యక్రమం తల్లిదండ్రులకు నేర్పే పాఠం దాదాపు ఇదే: గమనించు, ఆగు, విను. మూడింటిలో నడిమిది చేయగలిగితే మిగతా రెండూ వాటంతటవే వస్తాయని నాకనిపిస్తుంది.

ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. ఏటికొప్పాక లక్క బొంగరం చాలు. తిప్పుతాం, ఆగిపోతుంది, మళ్లీ తిప్పేముందు చూస్తాం. సబ్బు నురగ బుడగలు ఊది సీసా మూత గట్టిగా బిగించి బిడ్డ ముందు పెట్టినా అంతే. సీసా మన చేతిలో పెట్టడమో, మన వైపు నెట్టడమో, మూత వైపు చూసి మన వైపు చూడటమో జరుగుతుంది. ‘కాళ్ళా గజ్జా’ ఆటలో చాపిన కాళ్ల వరసలో మాట రాని పిల్ల కాళ్లూ ఉండాలి. తన కాలు ముడవాల్సిన వంతు వచ్చినప్పుడు ఎవరో ఒకరు ముడవొచ్చు, ముడిచేముందు తన మొహం చూస్తే సరి. దోబూచులాటలో దాక్కున్న తల్లి ఒక్క క్షణం ఆలస్యంగా బయటికొస్తే ఆ క్షణంలో బిడ్డ చేసే అలికిడే పిలుపు. ఇవన్నీ థెరపీ గదిలోనే జరగాలని లేదు. అక్కడ వారానికి రెండు గంటలుంటాయి. ఇంట్లో రోజంతా ఉంది.

చెయ్యి స్వాధీనంలో లేని పిల్లల ఆట సంగతి వేరు. మా పిల్లకు బొమ్మ చేతికిస్తే జారిపోయేది. అందుకని దాని చుట్టూ బొమ్మలు పేర్చి మేమే ఆడించేవాళ్లం. అది చూస్తూ ఉండేది. ఒక థెరపిస్టు అమ్మాయి సెల్లుతో నడిచే కుక్కపిల్ల బొమ్మ తెచ్చింది. సెల్లుకీ అది ఆనే రేకుకీ మధ్య పల్చటి బిళ్ల దూర్చి, దానికి కలిపిన వైరు కొసన అరచెయ్యంత మీట పెట్టింది. మీట నొక్కితే కుక్కపిల్ల మొరుగుతూ నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. పిడికిలితో కొట్టినా, చెంపతో నొక్కినా పనిచేస్తుంది. మొదటిసారి చెయ్యి పొరపాటున తగిలి కుక్క మొరిగింది. పిల్ల ఉలిక్కిపడింది. తర్వాత మీటను చూసింది, కుక్కను చూసింది, మళ్లీ మీటను చూసింది. ఆ పిడికిలి గాలిలో ఎక్కడెక్కడో తిరిగి తిరిగి మీట మీదికి వచ్చేసరికి ఇంట్లో అందరం పనులు ఆపి చూస్తున్నాం. అప్పటిదాకా లోకంలో ఏ వస్తువూ దాని మాట విని కదల్లేదు.

చిత్రాలతో మాట్లాడించే ప్రయత్నాలకు పెద్ద చరిత్రే ఉంది. చార్లెస్ బ్లిస్ 1897లో నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని చెర్నోవిట్స్ ఊళ్లో పుట్టారు. కెమికల్ ఇంజినీరు. నాజీల నిర్బంధ శిబిరాలు డాకావ్, బుకెన్‌వాల్డ్ రెండూ చూసి బతికి బయటపడి షాంఘై చేరారు. భాషలు వేరై మనుషులు ఒకరినొకరు ద్వేషించుకునే చోట పెరిగిన ఆయనకు చైనా లిపి ఒక ఆశ చూపించింది. ఉచ్చారణతో పనిలేకుండా అర్థాన్నే బొమ్మగా గీస్తే అందరూ ఒకరినొకరు చదువుకోగలరు గదా అనుకున్నారు. ఆస్ట్రేలియాలో స్థిరపడి 1949లో ఆ గుర్తుల భాషను పుస్తకంగా వేశారు. ప్రపంచ శాంతి కోసం తయారుచేసిన ఆ భాషను ప్రపంచం పట్టించుకోలేదు. ఇరవై ఏళ్లు దాటాక 1971లో కెనడాలోని టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ అనే టీచరు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం వెతుకుతూ వెతుకుతూ ఈ గుర్తుల దగ్గర ఆగారు. అప్పటిదాకా ఆ పిల్లలకు ఉన్నవి వస్తువుల బొమ్మలే. బ్లిస్ గుర్తుల్లో మనసులోని సంగతులకూ బొమ్మలున్నాయి. పైగా రెండు గుర్తులు పక్కపక్కన చూపిస్తే కొత్త మాట పుడుతుంది. పెద్దలు పెట్టిన మాటలే వాడుకోవాల్సిన ఖర్మ తప్పి, పిల్లలు తమ మాట తామే కట్టుకోవడం మొదలైంది. తర్వాత గుర్తుల్లో చేసిన మార్పుల మీద బ్లిస్‌కూ మెక్‌నాటన్ పనిచేసే కేంద్రానికీ పెద్ద గొడవలే జరిగాయి. అయినా ఆ ముసలాయన కల దేశాధినేతల దగ్గర ఫలించలేదు గానీ, చక్రాల కుర్చీల్లోని పిల్లల దగ్గర ఫలించింది. ఆ కలకు అంతకంటే గొప్ప చోటు ఉండదని నా ఉద్దేశం.

మన దేశంలోనూ దీనికోసం బతుకులు ధారపోసినవాళ్లున్నారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కూతురికి ఇక్కడ బడి దొరక్క మిథూ ఆలూర్ 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ స్థాపించారు. ఆ కూతురు మాలినీ చిబ్ ఒక్క వేలితో టైపు చేసి తన కథ ‘వన్ లిటిల్ ఫింగర్’ రాశారు. అది 2010లో అచ్చయింది. మద్రాసులో ఇలాంటి పిల్లల కోసం పూనమ్ నటరాజన్ ప్రారంభించిన సంస్థ ఈరోజు విద్యాసాగర్ పేరుతో నడుస్తోంది. అజిత్ నారాయణన్ అనే ఇంజినీరు ఆ పిల్లల మధ్య తిరిగి ‘ఆవాజ్’ తయారుచేశారు. మొదట విడి యంత్రంగా వచ్చి, తర్వాత ట్యాబ్‌లో యాప్ అయింది. బొమ్మ నొక్కితే గొంతు పలుకుతుంది. ఐఐటీ బొంబాయి వాళ్లు చేసిన ‘జెల్లో’ ఉచితం, తెలుగులో కూడా ఉంది. 1984 నుంచి మన సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సంభాషణ అంటే ఏమిటో ఆ చట్టం రెండో సెక్షన్‌లో రాసినప్పుడు బ్రెయిలీ, సైగల భాషలతో పాటు ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులనూ చేర్చింది. అంటే మా పిల్ల చార్టు మీద చెప్పేది చట్టం కళ్లకూ మాటే.

అయినా యంత్రం కొనగానే బిడ్డ మాట్లాడేస్తుందనుకోవడం ఈ విషయంలో అందరికంటే ఎక్కువగా తల్లిదండ్రుల్ని కుంగదీసే పొరపాటు ఆశ. జేన్ కోర్‌స్టెన్ అనే అమెరికన్ థెరపిస్టు ఒక లెక్క వేసి చూపించారు. మామూలు బిడ్డ ఏడాదిన్నర వయసుకల్లా, రోజుకు 8 గంటలు మెలకువగా మాటలు వింటుందనుకుంటే, 4,380 గంటలు విని ఉంటుంది. అన్ని గంటలు విన్నాక గానీ మనం ఆ బిడ్డ నుంచి నాలుగు మాటలు ఆశించం. చార్టుతో మాట్లాడాల్సిన బిడ్డకు ఎవరైనా చార్టు మీద మాట్లాడి చూపించేది వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున అయితే, అన్ని గంటలు పూర్తవడానికి 84 ఏళ్లు పడుతుంది. ఈ లెక్క చదివిన రోజు నేను మా అక్క కూతురికి ఫోను చేశాను. “పిన్నీ, అంటే చార్టు దానికి కాదన్నమాట, ముందు మనకి” అంది. అంతే. బిడ్డ ముందు మనం చార్టు మీద వేలు పెట్టి మాట్లాడాలి. ‘నాన్న వచ్చారు’, ‘చారు మాడిపోయింది’, ‘నాకు కోపంగా ఉంది’. జవాబు ఆశించకుండా మాట్లాడాలి. తెలుగు వినని బిడ్డ తెలుగు ఎలా మాట్లాడుతుంది?

చార్టు ఇస్తే ఇక నోరు విప్పదేమో, బద్ధకం అలవాటవుతుందేమో అన్న భయం చాలా ఇళ్లలో ఉంది. కొన్ని చోట్ల డాక్టర్ల నోటా విన్నాను. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోసి, గట్టి రుజువున్న 27 మందిని తీసుకుని చూశారు. చార్టులూ సైగలూ మొదలుపెట్టాక నోటి మాట తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. 89 శాతం మందికి మాట కొంత పెరిగింది. కొంతే, కానీ పెరిగింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఎలాగైనా సరే చెప్పగలనన్న నిబ్బరం వచ్చాక గొంతు బిగుసుకోదు.

చార్టులో ఏ మాటలుండాలన్నది మరో పెద్ద ప్రశ్న. అమెరికాలో నడక నేర్చిన వయసు పిల్లలు బడిలో ఎక్కువగా వాడే మాటలేవో రాసుకున్న పరిశోధన ఒకటి 2003లో వచ్చింది. ఆ జాబితాలో వస్తువుల పేర్లు లేవు. ఇంకా, వద్దు, నాది, అది, అయిపోయింది, ఏంటి, ఇక్కడ, సాయం లాంటి మాటలున్నాయి. మన చార్టుల్లో కనబడేవి యాపిల్, కారు, ఏనుగు. వాటితో అందంగా ఉంటుంది చార్టు, మాట్లాడటానికి పనికిరాదు. యాపిల్ ఇంట్లో ఉన్నప్పుడే పనికొస్తుంది, ‘ఇంకా’ అన్నది అన్నంలోనూ ఊయల్లోనూ కథలోనూ పనికొస్తుంది. ఇంటింటికీ వేరే మాటలు చేర్చుకోవాలి. మా పిల్ల చార్టులో ‘ఛీ’ ఉంది, ‘పో’ ఉంది, ‘ఉత్తదే’ ఉంది, ‘చిన్నమ్మమ్మ’ ఉంది. ఒంటి భాగాల పేర్లన్నీ ఉన్నాయి, సిగ్గుపడి ఏదీ తీసెయ్యలేదు. ‘నొప్పి’, ‘భయం’, ‘ఎవరు’, ‘ముట్టుకోవద్దు’ కూడా. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మొహమాటాన్నీ లెక్కచేయను. తనకేం జరిగిందో చెప్పలేని పిల్లని ఎంచుకునే దుర్మార్గులు లోకంలో ఉన్నారు. ఆ పిల్ల చెప్పగలదని చుట్టుపక్కల అందరికీ తెలియడం కూడా ఒక కాపలా.

మా పిల్లకు వేలితో చూపించడం రాదు. కాబట్టి వాళ్లమ్మే చార్టు మీద వరస వరసకీ వేలు జరుపుతుంది. కావలసిన వరస రాగానే పిల్ల కళ్లు పైకెత్తుతుంది. తర్వాత ఆ వరసలో గడి గడికీ వేలు వెళ్తుంది, మళ్లీ కళ్లెత్తుతుంది. ఒక మాటకు నిమిషం పడుతుంది. ఈ కళ్లెత్తడం గురించి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో రూత్ సియెన్‌కివిచ్ మెర్సర్ అనే ఆమె, ఒళ్లు స్వాధీనంలో లేక, మాట లేక, 1962లో పన్నెండేళ్ల వయసులో బెల్చర్‌టౌన్ అనే ప్రభుత్వ సంస్థలో పడింది. అక్కడివాళ్లు ఆమెకు బుద్ధి లేదనుకున్నారు. ఆమె అవునని చెప్పాలంటే కళ్లు పైకెత్తేది. చాలాకాలం అది గమనించినవాళ్లు లేరు, గమనించినవాళ్లు వచ్చాక ఆమె బతుకే మారింది. 1989లో ఆమె ఆత్మకథ వచ్చింది. అందుకని ఏ చార్టు కన్నా ముందు, ఏ యాప్ కన్నా ముందు, బిడ్డకు ‘అవును’ ఒకటి, ‘కాదు’ ఒకటి స్థిరపడాలి. కన్నుతోనో, తలతోనో, కాలి బొటనవేలితోనో.

బిడ్డ చెప్పేది బిడ్డే చెప్పాలి. పిల్ల చెయ్యి పట్టుకుని అక్షరాల మీదికి నడిపిస్తే గొప్ప గొప్ప వాక్యాలు వస్తాయని 1990ల మొదట్లో అమెరికాలో పెద్ద కెరటం లేచింది. అప్పుడు పరీక్షలు చేశారు. చెయ్యి పట్టుకున్నవారికి ఒక బొమ్మ, బిడ్డకు వేరే బొమ్మ చూపించారు. టైపు అయింది చెయ్యి పట్టుకున్నవారు చూసిన బొమ్మ పేరే. వాళ్లు మోసగాళ్లు కారు, తెలియకుండానే తమ మనసులోది ఆ చేతితో రాయించారు. అక్కడి స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో కూడా ఈ పద్ధతి వాడొద్దని ప్రకటించింది. తల్లి ఆశ ఎంత దూరమైనా వెళ్తుంది, ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అలా వచ్చిన మాటల కింద బిడ్డ సొంత మాట ఒకటి, చిన్నదో మొండిదో, నలిగిపోతుంది. బిడ్డ ‘ఛీ’ అన్నా, ఇతరులు రాయించిన కవిత్వం కంటే నాకు అదే విలువైనది.

మా పిల్ల సొంత మాట మొదటిసారి ఎలా వచ్చిందో చెబుతాను. ఒకరోజు సాయంత్రం వాళ్లమ్మ చార్టు మీద వేలు జరుపుతుంటే జంతువుల వరస దగ్గర కళ్లెత్తింది. ఆవా? కాదు. కుక్కా? కాదు. పాము దగ్గర మళ్లీ కళ్లెత్తింది. “పామా? ఎక్కడే?” అంది తల్లి. పిల్ల చూపు మా అక్క కూర్చున్న కుర్చీ కిందికి వెళ్లింది. మా అక్క ఆ వయసులో అంత ఎత్తు ఎగురుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. కుర్చీ కింద ఏమీ లేదు. పిల్ల ఒళ్లంతా బిగదీసి, పొలమారేదాకా నవ్వింది. “పిన్నీ, ఇది అబద్ధమాడింది పిన్నీ!” అని వాళ్లమ్మ నాకూ, ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ చెప్పింది, పిల్లకి మొదటి ర్యాంకు వచ్చినంత సంతోషంగా. అప్పటిదాకా అది చెప్పినవన్నీ ఉన్నవి. ఇది లేనిదాన్ని కల్పించి, ఎదుటివాళ్ల మనసులో పెట్టి, వాళ్లను లేపి కూర్చోబెట్టిన మాట. ఎవరూ నేర్పలేదు. ఆటలోనే పుట్టింది.

ఆ తర్వాత దాని పెద్దమ్మ కొడుకు సెలవులకు వచ్చాడు. వాడి వయసు పిల్లలంతా సందులో క్రికెట్ ఆడుతుంటే ఇది చక్రాల కుర్చీలో అరుగు మీద ఉండేది. మాట రికార్డు చేసి, నొక్కితే పలికే బటన్లు రెండు ఇంట్లో ఉన్నాయి. అంతకుముందు వాటిలో ‘మంచినీళ్లు కావాలి’, ‘థ్యాంక్యూ’ ఉండేవి. వాడు ఆ రెండూ చెరిపేసి ఒకదాంట్లో ‘ఔట్!’ అని, రెండోదాంట్లో ‘నాటౌట్!’ అని తన గొంతుతోనే అరిచి, రెండు బటన్లూ దీని కుర్చీ పలక మీద పెట్టి అంపైరును చేశాడు. ఏ ప్రత్యేక విద్యా పుస్తకంలోనూ ఇంత మంచి పాఠం నేను చదవలేదు. సందులో పిల్లలు ప్రతి బంతికీ తిరిగి దీని వైపు చూస్తారు. పిడికిలి బటన్ చేరేదాకా ఆగుతారు. పది లెక్కపెట్టమని వాళ్లకెవరూ చెప్పలేదు, ఆట కోసం ఆగుతారు. జాలి పడటానికి వాళ్లకు తీరిక లేదు. తిట్టుకుంటారు, బతిమాలుకుంటారు, సున్నుండ లంచమిస్తామంటారు.

అనుకున్నట్టే ఒకరోజు వాణ్నే ఔటిచ్చింది. బంతి వికెట్టుకు తగల్లేదని వాడంటాడు. ఇది మళ్లీ ఔట్ బటనే నొక్కింది. వాడు బ్యాటు విసిరి, ఇంట్లోకొచ్చి గొడవ. చార్టు ముందు పెట్టుకుని ఇది ‘కాదు’, ‘అది’, ‘పో’ అంటోంది. వాడు గొంతు పెంచాడు. దాని గొంతులోంచీ కేకలు. విసిగిపోయిన పిల్ల తల్లి చార్టు లాక్కుని బీరువా మీద పెట్టబోయింది. నేనూ ఆమే ఒకరినొకరం చూసుకున్నాం. చాలా బడుల్లో, చాలా ఇళ్లలో అల్లరి చేస్తే ముందు తీసేసేది ట్యాబు, లేదా చార్టు. మాటలొచ్చిన పిల్లవాడు ఎంత మొండికేసినా వాడి నోరు తీసి అటక మీద పెట్టం కదా. ఆమె చార్టు వెనక్కి తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టింది. వాణ్ని అరుగు మీదికీ దీన్ని గదిలోకీ విడదీసింది. ఆ సాయంత్రం గదిలోకి ఎవరు వెళ్లినా పట్టుకుని వేలు జరిపించుకుని, బంతి తగిలిందనే వాదించింది. నిమిషానికొక మాట చొప్పున మేం వంతులవారీగా వెళ్లి విన్నాం. మా బావగారైతే రెండుసార్లు వెళ్లారు, ఒకసారి వాడి తరఫున వకాల్తా పుచ్చుకుని. ఆయన్ని కూడా ‘పో’ అంది.